వెనక సందుకి లైటు అడిగిన మనిషి

"మన కాలనీ సీనియర్ సభ్యురాలు నిన్న ఆస్పత్రిలో కన్నుమూశారు. కాలు జారి పడిన గాయమే కారణం." మా కాలనీ గ్రూపులో వచ్చిన మెసేజ్ ఇది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. చదివి ఫోను మంచం మీదికి విసిరేశాను. మా పక్కింటి అక్క కాలు జారి పడలేదు. వెనక సందులో మురికికాలువ మీది పలక పగిలి ఉంది. చీకట్లో అది కనబడలేదు. ఆ సందు చీకటిగా ఉందని ఆవిడ ఏడాదిగా మొత్తుకుంటూనే ఉంది. ఆ సంగతి మెసేజ్ పెట్టినవాళ్లకి బాగా తెలుసు.

అక్క పుట్టిల్లు గండిమైసమ్మ దగ్గర. ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి మానేసింది. శామీర్‌పేట వైపు ఈ కాలనీలో మేం ఇల్లు కట్టుకునేటప్పుడు మాకు గోడ అవతల మనిషి. మేం గుంటూరు వాళ్లం, ఇక్కడ ఎవరూ తెలియదు. మొదటి రోజే నన్ను "చెల్లె" అని పిలిచింది.

అప్పటికి మా ఇంట్లో లైట్లు తప్ప అన్నీ అయ్యాయి. షోరూము అబ్బాయి సీలింగు నిండా లైట్లు గీసి కాగితం చేతిలో పెట్టాడు. మధ్యలో గాజు గుత్తుల షాండ్లియరు. మా దగ్గర మిగిలింది చూసుకుంటే ఏడుపొచ్చింది. అక్క ఆ కాగితం చూసి, "ఇల్లు కట్టినవా, ఫంక్షన్ హాలు కట్టినవా?" అంది. "గిన్ని లైట్ల కింద కూసుంటే మనిషి మొకం సొరకాయ లెక్క తెల్లగైతది."

ఆ సాయంత్రం వచ్చి పనివాళ్లు వేలాడదీసిన బల్బులు కూడా వెయ్యనివ్వలేదు. "గీడ కూసో. పొద్దుగూకనియ్యి. యాడ తడుముకుంటవో గాడ లైటు గావాలె. మిగిలినదంత సోకు." వెలుతురు తగ్గుతుంటే ఇద్దరం ఖాళీ ఇంట్లో తిరిగాం. మెట్ల మలుపు దగ్గర నేను గోడ పట్టుకున్నాను. అక్కడ సుద్దముక్కతో గీత గీసింది. వంటింట్లో ఒక్క బల్బు వేసి నా చేతికి ఉల్లిపాయ, కత్తి ఇచ్చింది. బల్బు నా వెనక ఉంది. "చూసినవా, నీ నీడ మీదనే నువ్వు కోస్తున్నవ్. లైటు అలమర కింద పెట్టు, సామాను మీద పడాలె."

తర్వాత నన్ను సూరారం తీసుకెళ్లి ఒక చిన్న కొట్లో హోల్డర్లు, వైరు, పసుపు వెలుగిచ్చే ఎల్‌ఈడీ బల్బులు కొనిపించింది. మేడ్చల్ సంతలో వెదురు బుట్టలు ఒక్కొక్కటీ ఎత్తి ఆకాశానికి పెట్టి, కళ్లు చికిలించి, కన్నాల్లోంచి చూసింది. అమ్మే ఆవిడ నవ్వి, "ఏంది టీచరమ్మా, బుట్టల కెల్లి మొగులు చూస్తున్నవా?" అంది. ఎంచిన బుట్టని, లోపల బల్బు పెట్టి, మా భోజనాల బల్లకి పైన బోర్లించి వేలాడదీశాం. దీపం వేస్తే నాలుగు గోడల మీదా అల్లిక పరుచుకుంది. నేను నోరు తెరిచి చూస్తుంటే, "నేను సోకు వద్దనలే చెల్లె. సోకుకు తెలివి గావాలె, పైసలు గాదు," అంది. హాలు మూలలో మొక్క వెనక ఒక బల్బుని గోడ వైపు తిప్పి పెట్టించింది. వచ్చినవాళ్లు ఏ షోరూములో కొన్నారని అడిగితే ఆవిడకి పండగే.

ఎవరింటికెళ్లినా ముందు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసేది. అడగకుండానే స్విచ్చిలు ఆపేసేది. "అక్కా, నేను పేపరు చదువుతున్నానండీ!" అని మావారు మొరపెట్టుకుంటే, "గందుకే గా కుర్చీ పక్కన దీపం పెట్టిచ్చిన. గాడికి పో తమ్మీ," అనేది.

ఇలాంటి మనిషి ముందు కమిటీ వాళ్లు కాలనీ ముఖద్వారానికి రంగుల లైట్ల ఆర్చి కడతామన్నారు. అక్క మీటింగులో లేచింది. "ఎనక సందుల ఒక్క లైటు లేదు. కంపెనీల పనిజేసే ఆడోళ్లు బస్సు దిగి గా సందుల కెల్లే వస్తరు. మొదలు గాడ పెట్టుండ్రి."

"ఆర్చి కడితే ప్లాట్ల రేటు పెరుగుతది అక్కా," అన్నాడు ప్రెసిడెంటు.

"ప్లాట్లు నడవయి గదా నాయినా, మనుషులు నడుస్తరు."

నవ్వారు. ఆర్చి కట్టారు. అక్క తన వెనక గోడకి సొంత కరెంటుతో ఒక దీపం పెట్టుకుంది. బయటికి వైరు వేలాడి కాలనీ అందం చెడుతోందని కమిటీ వాళ్లొచ్చి దాన్ని పీకించారు. నేను అడ్డం నిలబడి అరిచాను, ఎవరూ వినలేదు. మర్నాటి నుంచి చీకటి పడే వేళకి అక్క ఫోను టార్చి వేసుకుని వెనక గేటు దగ్గర నిలబడటం మొదలుపెట్టింది.

వాన కురిసిన ఒక సాయంత్రం ఒకామె నిద్రపోతున్న బిడ్డని భుజాన వేసుకుని వచ్చింది. సందులో నీళ్లు నిలిచి ఉన్నాయి. అక్క ముందు నడుస్తూ, టార్చి వెనక్కి తిప్పి ఆమె కాళ్ల ముందు పట్టింది. పగిలిన పలకలో అక్క కాలే పడింది. తుంటి విరిగింది. ఆపరేషను అయ్యాక జ్వరం పట్టుకుంది, ఇక ఆస్పత్రి నుంచి ఇంటికి రాలేదు. ఆ బిడ్డ తల్లి ఆస్పత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నాకు సూపిచ్చుకుంట తను సూసుకోలే అక్కా."

కాలు జారిందట!

సంతాప సభ ఆర్చి కిందే పెట్టారు. అక్క ఫోటోతో ఫ్లెక్సీ, చుట్టూ ఎరుపూ ఆకుపచ్చా మిణుకుమిణుకుమనే లైట్లు, కింద 'వెలుగుల ప్రేమికురాలు' అని అక్షరాలు. ఆ లైట్లని ఆవిడ చూసి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. నేను లేచి, "సందులో లైటు ఎప్పుడు పెడతారు?" అని అడిగాను.

"గిప్పుడు గా ముచ్చటెందుకు మేడం? టైం సందర్భం ఉండొద్దా?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఆవిడ అడిగిందీ అదే, పోయిందీ అందుకే. ఇంతకన్నా సందర్భం ఏం కావాలండీ?" అని వెళ్లి ఆ లైట్ల ప్లగ్గు పీకేశాను. ఎవరూ మళ్లీ పెట్టలేదు.

మర్నాడే మా వెనక గోడకి దీపం బిగించాం. మాకు రెండో పక్కనున్న ఇంటి పెద్దాయన తనూ ఒకటి పెట్టాడు. తర్వాత ఎదుటివాళ్లు. పగిలిన చోట మేమే చందాలేసుకుని కొత్త పలక వేయించాం. అందం చెడుతోందని కమిటీ మళ్లీ కబురు పంపితే ఆ పెద్దాయన గేటు దగ్గరే నిలబడి, "వచ్చి ముట్టుండ్రి చూద్దాం," అన్నాడు. ఇంతవరకు ఎవరూ రాలేదు. కానీ ఇది మేం చెయ్యాల్సిన పని కాదు, ఒక మనిషి పోయాక జరగాల్సిన పని అసలే కాదు. నా కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

నిన్న పొద్దుగూకాక ఒక అమ్మాయి బస్సు దిగి సందులోకి వచ్చింది. మా గోడ కింద ఆగి, చెప్పు విప్పి, లోపల దూరిన రాయిని తీరిగ్గా దులుపుకుంది. మళ్లీ తొడుక్కుని, ఫోనులో ఎవరితోనో నవ్వుతూ, వెనక్కి ఒక్కసారైనా చూడకుండా నడిచి వెళ్లిపోయింది.