సాయిలు సీరం రంగు మారిన రోజు

మదీనాగూడలో, ముంబై హైవే పక్కనున్న ఒక పరిశోధనశాలకు సాయిలు వాచ్‌మన్. మెదక్ వైపు మనిషి. గేటు తీయడం, గేటు వేయడం, ఉద్యోగం అంతే. గర్వం మాత్రం డైరెక్టరుకు కూడా లేనంత ఉండేది. ఎందుకుండదు మరి? అక్కడ జబ్బులు కనిపెట్టే కొత్త పరీక్షలు తయారుచేస్తారు. రోగి సీరం పక్కన ఆరోగ్యవంతుడి సీరం పెట్టి పోల్చి చూడాలి కదా, ఆ ఆరోగ్యవంతుడు మన సాయిలే!

నెలకోసారి లావణ్య మేడం అతని నెత్తురు తీసి, గడ్డకట్టనిచ్చి, మిషన్‌లో గిరగిరా తిప్పేది. పైన పచ్చగా తేలే నీరే సీరం. "తేనె మాదిరి ఉంది సాయిలన్నా" అని ఆ కడప పిల్ల ఒక్కసారి మెచ్చుకున్న పాపానికి, చాయ్ బండి దగ్గర్నుంచి బస్సు కండక్టరు దాకా అందరి చెవుల్లోనూ ఇల్లు కట్టుకుని చెప్పాడు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని భార్య ఈరమ్మ అడిగినా "నా సీరం ఉన్నది చూడు..." అని మొదలుపెట్టేవాడు. షరతు ఒక్కటే: నెత్తురిచ్చే ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. సరిగ్గా నెత్తురివ్వాల్సిన రోజునే గేటు ముందు వంటావార్పు పెట్టారు. బండ్లు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యి వెలిగించి, అక్కడే వండుకు తినడం అప్పటి నిరసన. ఆటో యూనియన్ వీరేశం గరిటె పట్టుకుని నిలబడ్డాడు. బగారా అన్నం, మటన్. ఆ వాసన గేటు దూకి మరీ వచ్చింది.

"సాయిలన్నా, రా, కూసో."

"ఇయ్యాల ఉపాసం."

"తింటవా, తెలంగాణ వద్దంటవా?"

అందరూ తిరిగి చూశారు. పాపం, ఏం చేస్తాడు? ఉద్యమం కోసం ఒక్క ముద్ద తిన్నాడు. ఆ తర్వాత ఉద్యమంతో ఏ సంబంధమూ లేకుండా మూడుసార్లు వేయించుకున్నాడు.

బస్సుల్లేక లావణ్య లింగంపల్లి నుంచి నడిచి, మధ్యాహ్నానికి చెమటలు కక్కుతూ చేరింది.

"ఏమన్నా తిన్యావా అన్నా?"

"మంచినీళ్లు గూడ ముట్టలే మేడం."

మిషన్ ఆగింది. గొట్టంలో తేనె లేదు. తిన్న కొవ్వంతా కలిసి చిక్కటి మజ్జిగలా తేలింది. లావణ్య దాన్ని వెలుతురుకు పట్టి చూసి "మటనా?" అంది.

"బగారా గూడ" అన్నాడు సాయిలు. "నన్ను తీసెయ్యకుర్రి మేడం. ఊరంత చెప్పుకున్న." కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె పగలబడి నవ్వింది. "తీసేసేదేంది? తినొచ్చినోళ్ల సీరంతోనూ మా పరీక్ష తప్పు చెప్పకూడదు గదా. ఇట్లాంటివి ఇంకో పది కావాల. తిన్నోళ్లు యాడ దొరుకుతారో ఏమో."

సాయిలు కిటికీలోంచి హైవే వైపు చూశాడు.

కాసేపటికి సాయిలు వెనకాల జై తెలంగాణ అంటూ ఊరేగింపు లోపలికొచ్చింది. రిసెప్షన్‌లోని భీమవరం బుల్లిబాబు టేబుల్ కిందికి దూరి "నేను సెలవులో ఉన్నానండీ" అన్నాడు. వాళ్లు అతన్ని పట్టించుకోలేదు. సంతకాలు పెట్టి, చొక్కా చేతులు మడిచి, బుద్ధిగా వరసలో కూర్చున్నారు.

గొట్టాలన్నీ మజ్జిగే. ఒక్క వీరేశానిదే తేనె.

"అన్నా, నువ్వు తినలేదా?" అన్నాడు సాయిలు.

వీరేశం నెత్తి గోక్కున్నాడు. "యాడ తింట? నీకు మూడోసారి ఏసిందే ఆఖరు. పొద్దటి సంది చాయ్ మీదనే ఉన్న."

సాయిలుకు సిగ్గుతో తలెత్త బుద్ధి కాలేదు. నెత్తురిచ్చాక తినమని ఈరమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెల డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టాడు. వీరేశం ఆవురావురుమని తింటుంటే సాయిలు కడుపు చల్లబడింది. ఆ చల్లదనం ఎంతసేపులే!

"ఎంత తేటగా ఉందో" అంది లావణ్య, వీరేశం గొట్టం చూస్తూ. "వచ్చే నెల నుంచి తేనెకు ఈ అన్నను పిలుస్తాం. సాయిలన్నా, నువ్వు మజ్జిగకు రా."

వచ్చే నెల ఆ రోజు రానే వచ్చింది. వీరేశం ఖాళీ కడుపుతో ఆటో దిగేసరికి గేటు మూసి ఉంది. గేటుకు అడ్డంగా స్టూలు, స్టూలు మీద సాయిలు, ఒళ్లో ఈరమ్మ వండిన మటన్ గిన్నె, చేతిలో గరిటె.

"తింటవా, తెలంగాణ వద్దంటవా?"