ఐస్‌లాండ్‌లో రామగుండం

కెనడాలో, కిచెనర్‌ ఊళ్ళోని మా ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్న స్టూడెంటు అమ్మాయి ఒకసారి ఐస్‌లాండ్‌కు నాకు తోడుగా వచ్చింది. ఆరు రోజులూ ఆమె దేనికీ ఆశ్చర్యపోలేదు. సముద్రపొడ్డున నల్లటి ఇసుక చూసి, "మా రామగుండంల బొగ్గుపొడి ఇట్లనే ఉంటది ఆంటీ," అంది. నేలలోంచి పొగలు కక్కుతూ లేచిన వేడినీటి ధార చూసి, "మా కరెంటు ప్లాంటు పొగ దీనికి డబల్ ఉంటది," అంది. ఇలాంటి పోలికలు మొత్తం పదిహేడని నా డైరీలో ఉంది.

చివరిరోజు ఒక అగ్నిపర్వతం దగ్గర బస్సు దిగాం. సరిగ్గా మూడింటికి బయల్దేరతానన్నాడు డ్రైవరు. ఆ తరువాతి బస్సు అయిదింటికి. అక్కడి బండ వెచ్చగా ఉంది. ఆ అమ్మాయి చేయి పెట్టి చూసింది. కెనడాలో ఏనాడూ విప్పగా నేను చూడని కోటు విప్పేసి, బండమీద వెల్లకిలా పడుకుంది.

"లే అమ్మాయ్, మూడుకి పది నిమిషాలే ఉన్నాయి."

"అయిదు నిమిషాలు ఆంటీ. ఎండాకాలం మా డాబా మీద పండుకున్నట్టే ఉంది."

ఆ మాటంటూనే నిద్రపోయింది. బస్సు కదలడం చూశాను, కానీ లేపలేదు. ఆమె లేచేసరికి నాలుగుంబావు.

డైరీలో అయిదు నిమిషాలనే రాశాను. నలభై ఏళ్ళ నా డైరీల్లో తెలిసి రాసిన తప్పు అదొక్కటే.