మా ఇంట్లో ఆర్డరు

పోయిన వారం మా అమ్మాయి ఫోన్లో ఏదో తెప్పించుకుంది. అట్టపెట్టె విప్పగానే గంజి పెట్టి ఆరబెట్టిన నూలు వాసన వచ్చింది. లోపల బల్ల మీద పరుచుకునే తెల్లటి లేసు గుడ్డ, మిషను మీద అల్లినది. "నేనే ఆర్డర్ పెట్టానమ్మా" అంది. ఆ మాటను అంత తేలిగ్గా, వేలికొసతో అయిపోయే పనిలాగా అనడం నా చిన్నప్పుడు ఎవరి నోటా వినలేదు. నరసాపురానికి ఆరేడు మైళ్ల దూరంలో, కాలవ గట్టునున్న మా పేటలో, ఆర్డరంటే పైనుంచి వచ్చేది. మనం పెట్టేది కాదు.

నాన్న కాలవ లాకుల దగ్గర పనిచేసేవాడు. ఎండలు ముదిరే వేళకి ఒకరోజు ఇంటికొచ్చి, కాలవ కట్టెయ్యమని ఆర్డరొచ్చిందని చెప్పేవాడు. రెండు మూడు రోజుల్లో నీళ్లు నడుం లోతు నుంచి మోకాళ్లకి, ఆపైన మడమలకి దిగిపోయేవి. పిల్లలం ఆ బురదలోకి దిగి జెల్లలూ కొర్రమీనులూ చేతులతో పట్టి, పావడా కుచ్చిళ్లలో మూటకట్టి పరుగెత్తుకొస్తే, మామ్మ వాటిని బూడిదతో తోమి, పుల్లమామిడి ముక్కలేసి పులుసు పెట్టేది. ఆ పులుసు వాసనా, ఎండిన కాలవ బురద వాసనా కలిస్తేనే నాకు ఇప్పటికీ వేసవి. బళ్లో మేష్టారు ఆర్డర్లో నిలబడమంటే పొట్టివాళ్లం ముందుకీ, పొడుగువాళ్లు వెనక్కీ పోయేవాళ్లం. పోస్టుమేను తెచ్చే మనియార్డర్లో కూడా ఆ మాటే ఉండేసరికి, అది ఎవరో ఎవరికో ఇచ్చిన ఆజ్ఞ కాబోలనుకునేదాన్ని. మనింట్లో ఆర్డరు మాత్రం మీ మామ్మదేనని, ఆవిడకి వినపడకుండా నాన్న అనేవాడు.

అది నిజమే. చింతపండు ఎంత నానెయ్యాలో, ఆదివారం చర్చికి ఎవరు ఏం కట్టుకోవాలో, ఎన్నో గంట కొట్టేసరికి గుమ్మం దాటాలో మామ్మే చెప్పేది. మామ్మంటే మా నాన్నగారి అమ్మ. చదువు రాదు గానీ, లేసు అల్లడంలో ఆవిడంత చెయ్యి తిరిగినవాళ్లు చుట్టుపక్కల లేరనేవారు. మాట్లాడుతూ, తగువులు తీరుస్తూ, అరుగు కింద కోళ్లని అదిలిస్తూ కూడా సూది వైపు చూడకుండా అల్లేది. అమ్మ ఎనిమిదో తరగతి చదివి ఆ ఇంటికి కోడలై వచ్చింది. మామ్మ ఏం చెప్పినా "అలాగేనండి" అనేది. ఆ రోజుల్లో అమ్మ గొంతు నాకు ఎక్కువగా ఆ ఒక్క మాటలోనే గుర్తుంది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, కాలవ కట్టేసిన ఒక మధ్యాహ్నం, లేసు ఏజెంటు సైకిలు మీద దారం కట్టలతో వచ్చాడు. పెద్ద దుప్పటికి ఆర్డరొచ్చిందట. వీధిలో ఎనిమిది మంది ఆడవాళ్లు విడివిడిగా పువ్వులు అల్లి ఇస్తే, తరవాత అన్నీ కలిపి కుడతారు. అమ్మకి చదువొచ్చు కాబట్టి, ఎవరి పువ్వులు ఎన్నో రాసుకుని శాంపిలుతో సరిచూసే పని అమ్మకి అప్పజెప్పాడు. మామ్మ ఆ శాంపిలు పువ్వు అందుకుని వేళ్లతో తడిమింది. ఆరు రేకులు. ఐదింటికి తొమ్మిదేసి కుట్లు, ఆరోదానికి ఎనిమిదే. అందుకే పువ్వు కాస్త ఒక పక్కకి ఒరిగింది.

"ఇది తప్పండి ఏజెంటుగారూ. ఎవరో ఒక కుట్టు మింగేశారు" అంది.

కొనేవాళ్లు చూసి సరేనన్నది దాన్నేననీ, ఆర్డరంటే ఆర్డరేననీ చెప్పి అతను వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఆరో రేకుకి ఎనిమిది కుట్లే వేశారు. మామ్మ మాత్రం దానికీ తొమ్మిది వేసుకుంటూ పోయింది.

పదిరోజులకి అందరూ పువ్వులు తెచ్చి మా అరుగు మీద చాప పరిచి పేర్చారు. అమ్మ శాంపిలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ గోటితో లెక్కపెడుతోంది. మామ్మవి ముప్ఫై. వాటిని మొదటి నుంచి చివరిదాకా చూసి, ఒక దొంతరగా పక్కకి జరిపింది.

"ఇవి వెళ్లవండి అత్తయ్యా."

మామ్మ కళ్లెత్తి చూసింది.

"నావి తప్పంటావా అమ్మాయ్?"

"తప్పనలేదండి. ఆర్డరు ఇది కాదన్నాను."

మామ్మ ఆ ముప్ఫై పువ్వుల్నీ ఒళ్లోకి తీసుకుని, అక్కడే కూర్చుని విప్పడం మొదలెట్టింది. దారం వంకరలు తిరిగి వస్తుంటే నేను ఉండ చుట్టాను. నాలుగు రోజుల్లో ముప్ఫైయీ మళ్లీ అల్లింది, ఆరో రేకుకి ఎనిమిది కుట్లతోనే. చివరి పువ్వు అమ్మ చేతికిచ్చి, సూది రేకు డబ్బాలో పెట్టి మూత పెట్టింది. ఆ తరవాత ఏ ఆర్డరుకీ అల్లలేదు. ఆ సాయంత్రమే చింతపండు ఎంత నానెయ్యమంటారని అమ్మ అడిగితే, నీ ఇష్టమంది. అప్పట్నుంచి ఏది అడిగినా అదే జవాబు. మా ఇంట్లో ఆర్డరు అలా, ఎవరూ గొంతు పెంచకుండానే, చేతులు మారింది.

మామ్మ పోయి చాలా ఏళ్లయింది. పేటలో ఇప్పుడు అరుగుల మీద లేసు అల్లేవాళ్లు లేరు. ఆ ఇళ్ల కోడళ్లు పొద్దున్నే ఆటోల్లో రొయ్యలు ఒలిచే షెడ్లకి వెళ్తారు. కాలవలో గుర్రపుడెక్క పట్టేసింది. పిల్లలెవరూ దిగడం లేదు. అమ్మ రాజమండ్రిలో నా దగ్గరే ఉంటుంది. నాలుగు రోజుల కిందట భోజనాలయ్యాక ఆ పువ్వుల సంగతి కదిలించాను. పాపం నువ్వు మాత్రం ఏం చేస్తావు, ఏజెంటు చెప్పినట్టు చేశావన్నాను.

కాదంది అమ్మ.

"ఏజెంటుగారు ముందురోజే వచ్చి చూసి, పెద్దావిడవి కలిపెయ్యమన్నారే. అన్ని పువ్వుల మధ్య ఎవరికి తెలుస్తుందన్నారు. నేనే కుదరదన్నాను."

ఎందుకో తనే చెప్పింది. తొమ్మిదేళ్లు అన్నిటికీ తలూపానని, ఒక్కసారి కాదని చూద్దామనిపించిందని. మామ్మ విప్పడం మొదలెట్టగానే చూడలేక వంటింట్లోకి వెళ్లి నిలబడిందట. వద్దులెండి అత్తయ్యా అని చెప్పడానికి నాలుగడుగులే దూరమట. వెళ్లలేదట.

"తరవాత పదకొండేళ్లు బతికారు కదా, ఆ సంగతి ఒక్కసారి ఎత్తలేదు" అంది అమ్మ. "తిట్టినా బాగుండేది."