కబడ్డీ జట్టు మీద పడిన మూడేళ్ల నిషేధం

2011 జూన్‌లో శంషాబాద్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేరాను. ఆటలు నేర్పడం, జట్లను పోటీలకు తీసుకెళ్లడం, వాటి కాగితాలు చూసుకోవడం ఆ ఉద్యోగం. మొదటి రోజే ప్రిన్సిపల్ గారు నా చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. మా అమ్మాయిల కబడ్డీ జట్టు మూడేళ్లపాటు కాలేజీల మధ్య పోటీల్లో ఆడకూడదని, ఆ పోటీలు నడిపే క్రీడా మండలి నిషేధం వేసింది.

నాకు ముందున్న డైరెక్టర్ అంతకు ముందు ఏడాది ఇద్దరు క్లబ్ ఆటగత్తెలను మా విద్యార్థినులని చూపించి ఫైనల్ ఆడించాడు. కప్పు వచ్చింది. ఓడిన కాలేజీ ఫిర్యాదు చేసింది. ఆయన రాజీనామా ఇచ్చి మరోచోట ఉద్యోగంలో చేరిపోయాడు. శిక్ష మాత్రం మా గ్రౌండులో మిగిలింది.

ఆ ఏడాది ఫస్టియర్‌లో చేరిన తొమ్మిది మంది అమ్మాయిలు రోజూ పొద్దున్నే ఆడటానికి వచ్చేవాళ్లు. నిషేధం అలాగే ఉంటే డిగ్రీ అయిపోయేదాకా ఒక్క మ్యాచ్ కూడా దక్కదు. వాళ్లకు రెయిడింగ్ నేర్పుతున్నది ఫైనలియర్ చదివే కెప్టెన్ మమత. షాద్‌నగర్ నుంచి బస్సులో వచ్చేది.

ఒకరోజు నా దగ్గరకొచ్చి, "మేడం, ఆ ఇద్దరు మనోళ్లు కాదని నాకు ఎరుకే. సార్ చెప్పిండని ఊకున్న. నన్ను ఆడొద్దంటే ఆడ. గీ పిల్లలేం చేసిండ్రు?" అంది.

"ఈ మాట మండలి ముందు చెప్పగలవా? నిషేధం ఎత్తేసినా నీ ఆఖరి ఏడాది పోతుంది."

"చెప్త మేడం. పోతే పోనీ."

అప్పీలు రాద్దామని ఫైలు తీశాను. అందులో ఎలిజిబిలిటీ ఫారం ఉంది. ఆడేవాళ్లంతా మా విద్యార్థులేనని కాలేజీ ఇచ్చే హామీ అది. కింద ప్రిన్సిపల్ గారి సంతకం. తీసుకెళ్లి ఆయనకు చూపించాను.

"చూడకుండా పెట్టానమ్మా. నా పేరు రాకుండా రాయండి," అన్నారాయన.

నాది గుంటూరు వైపు, ఇక్కడ తెలిసినవాళ్లు లేరు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం అలవాటు లేదు. పైగా చేరి రెండు నెలలే. అయినా, "రాయలేనండీ. సగం దాస్తే మిగతా సగం కూడా నమ్మరు," అన్నాను.

మూడో రోజు ఆయనే అప్పీలు తెప్పించుకుని, అడుగున తన చేత్తో 'చూడకుండా సంతకం చేయడం నా తప్పు' అని రాసి ఇచ్చారు.

విచారణకు ఓడిన కాలేజీ డైరెక్టర్ కూడా వచ్చారు. "మా పిల్లలకు ఆ ఫైనల్ మల్ల రాదు గదమ్మా," అన్నారు. మమత తనకు తెలిసినదంతా చెప్పింది. తన పతకం తీసి ఆయన ముందు పెట్టి, "ఇది మీ పిల్లలది సార్," అంది.

ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని మండలి అధ్యక్షుడి వైపు తిరిగారు. "కొత్త పిల్లల్ని ఆడనియ్యండి సార్. మావాళ్లు గెలవాలంటే ఎదురుగ ఎవరన్న ఉండాలె గద."

కప్పు ఆ కాలేజీకి వెళ్లింది. ఆ ఫైనల్ ఆడిన మా అమ్మాయిలకు ఒక ఏడాది నిషేధం. పాత డైరెక్టర్ ఇక ఏ కాలేజీ జట్టునూ తీసుకురాకూడదన్నారు. ప్రిన్సిపల్ గారిని లిఖితపూర్వకంగా మందలించారు. కొత్తగా చేరినవాళ్లకు అనుమతి వచ్చింది.

ఆ ఏడాది మా జట్టు క్వార్టర్ ఫైనల్లో ఓడింది. మమత గీత బయట నిలబడి గొంతు పోయేదాకా అరిచింది. తర్వాత నా జట్లు కప్పులు గెలిచాయి కానీ, ఆ ఓడిన జట్టు గురించి చెప్పుకున్నంత గర్వంగా వాటి గురించి చెప్పుకోలేదు.

ఇప్పుడు అలాంటి విచారణలకు నన్నూ సభ్యురాలిగా పిలుస్తుంటారు. శిక్ష ఎంతన్న చర్చ మొదలుకాకముందే నేను రెండు జాబితాలు అడుగుతాను. తప్పు జరిగిన రోజు ఎవరున్నారు, ఇవాళ ఆడాల్సినవాళ్లు ఎవరు.