అసలు ఊరు

తెలంగాణ ఉద్యమం రోజులవి. కంప్యూటర్‌లో మనకు బదులు మన బొమ్మ తిరిగే మాయాలోకాలు తయారుచేయడం నా ఉద్యోగం. ఆ రంగం వాళ్ల సదస్సు మాదాపూర్‌లో జరిగితే మాట్లాడడానికి వెళ్లాను. "మా లోకంలో స్థానికులంటూ లేరు, అందరూ వచ్చినవాళ్లే" అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

తిరిగొస్తుంటే రాస్తారోకో అని బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఆపేశారు. బేరమాడి ఆటో ఎక్కాను.

"మీదే ఊరు సార్?" అన్నాడు డ్రైవరు.

"కర్మన్‌ఘాటేనండి."

"గది గాదు సార్. మాటకోసారి అండి అంటున్నరు గద. అసలు ఊరేది?"

అతని గొంతులో కోపమేమీ లేదు. నేను పుట్టింది కర్మన్‌ఘాట్‌లోనే, అద్దె ఇంట్లో. అయినా ఎప్పుడో ఒక పెళ్లికి నేను వెళ్లొచ్చిన, కోస్తాలోని నాన్నగారి ఊరి పేరు చెప్పాను.

"గట్ల జెప్పున్రి మరి" అని గేరు మార్చాడు. బాధపడాలేమో అనుకున్నాను. ఏమీ అనిపించలేదు. మూసిన షట్టర్లు చూస్తూ కూర్చున్నాను.

తర్వాతి సదస్సు మాయాలోకంలోనే పెట్టారు. ఇంట్లో కూర్చుని నా బొమ్మను వేదిక ఎక్కించాను. మైకు పాడైందని అబద్ధమాడి, ప్రసంగమంతా టైపు చేశాను. స్థానికుల మాట ఎత్తలేదు. చివర్లో సభలోంచి ఎవరిదో బొమ్మ తెలుగులోనే అడిగింది, మీదే ఊరని.

"కర్మన్‌ఘాట్ అండి" అని కొట్టాను. 'అండి' చెరిపేసి పంపాను.