వంకరపోయిన రికార్డుతో సునాబెడ నుంచి జేకేపూర్ దాకా

సునాబెడ నుంచి రాయగడ వెళ్ళాలంటే ఎలా, దారిలో తినడానికి ఏమైనా దొరుకుతుందా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇప్పుడైతే కోరాపుట్ నుంచి రైలుంది, కొండల మధ్య సొరంగాల్లోంచి హాయిగా కూర్చుని వెళ్ళిపోవచ్చు. నేను చెప్పబోయేది మాత్రం డెబ్భైల చివర్లో, ఈ దారికి ఇంకా రైలు లేని రోజుల్లో బస్సు మీద వెళ్ళిన సంగతి. ఆ ప్రయాణానికి కారణం గుళ్ళూ కాదు, జలపాతాలూ కాదు. ఏడాదిన్నరగా నా దగ్గర ఉండిపోయిన ఒక గ్రామఫోను రికార్డును సొంతదారుకి ఇచ్చి రావడం.

ఆ సొంతదారు పేరు జేకబ్. పలాస వైపు మనిషి. సునాబెడ ఫ్యాక్టరీలో నేను ఫిట్టర్ని, అతను ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. ఆదివారాలు చర్చిలో గిటారు వాయించేవాడు. విశాఖ హార్బరులో ఒక ఓడ కళాసీ దగ్గర వాళ్ళ మేనమామ కొన్న ఎల్పీ రికార్డు అది. విదేశీ బ్యాండు ఒకటి వేల మంది ముందు వాయిస్తుంటే అక్కడికక్కడే రికార్డు చేశారట. సైకెడెలిక్ రాక్ అంటారని జేకబ్ చెప్పాడు. అట్ట మీద రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కారిపోయి ఉంటాయి, అక్షరాలు ఎటు తిప్పినా చదవలేం. మొదటిసారి విన్నప్పుడు మా వర్క్‌షాపులో లేత్ మిషను బేరింగ్ పోయినప్పటి చప్పుడులా ఉందన్నాను. నెల తిరక్కుండా నేనే రోజూ వెళ్ళి పెట్టమని ప్రాణం తీసేవాణ్ణి. రెండో వైపంతా ఒకటే పాట, ఇరవై నిమిషాల పైమాటే. సగంలో గిటారు తీగ పుటుక్కున తెగుతుంది. జనం గోల పెడతారు. వాళ్ళు తీగ మార్చుకునేదాకా డ్రమ్ములవాడొక్కడే పాటను పడిపోకుండా నెట్టుకొస్తాడు. ఆ ముక్క కోసమే మేమిద్దరం నోరెత్తకుండా కూర్చునేవాళ్ళం.

అలాంటివాడు జేకేపూర్ కాగితం మిల్లులో ఉద్యోగం వచ్చిందన్న మాట నాకు చెప్పలేదు. క్యాంటీన్లో ఇంకెవరో చెబితే తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సెక్కించడానికి వెళ్ళలేదు. అంతకు వారం ముందు వినడానికి తెచ్చుకున్న రికార్డు నా దగ్గరే ఉండిపోయింది. అతనూ రాయలేదు, నేనూ రాయలేదు. తిరిగిచ్చేస్తే స్నేహం తెంపుకున్నట్టు, ఇవ్వకపోతే దొంగనైనట్టు. ఈ మీమాంసలోనే ఏడాదిన్నర గడిచింది. ఒక శుక్రవారం, మిల్లు నుంచి పని మీద వచ్చిన ఒకాయన మాటల్లో అన్నాడు, జేకబ్ ఆదివారం పొద్దున్నే నాగపూర్ వైపు ఇంకో మిల్లుకు వెళ్ళిపోతున్నాడని. ఇప్పుడు వెళ్ళకపోతే ఇక ఎప్పటికీ లేదని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. శనివారానికి సెలవు చీటీ రాసిచ్చాను.

డిసెంబరు నెల. ఐదున్నర బస్సుకి సునాబెడలో ఎక్కితే కోరాపుట్‌లో ఆరుంబావుకి దిగాను. అక్కడ ఏడింటికి రాయగడ బస్సు, కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్ల మీదుగా వెళుతుంది. టికెట్టు ఎనిమిది రూపాయల చిల్లర. మంచు ఎంత పట్టిందంటే, డ్రైవరు పక్కన ఇంజను మీద ఉండే బానెట్ చుట్టూ జనం చేతులు చాపి చలి కాచుకుంటున్నారు. ఆ రోజుల్లో కోరాపుట్ బస్సుల్లో బానెట్ పక్క సీటు అంటే పెళ్ళిలో ముందు వరస లాంటిది, డ్రైవరుకు ఇష్టమైన వాళ్ళకే దక్కేది. ఫ్యాక్టరీ టౌన్‌షిప్ బాబునని నన్ను అక్కడ కూర్చోబెట్టాడు. తువ్వాల్లో చుట్టిన రికార్డును కాళ్ళ దగ్గర పెట్టుకోబోతే ఆపాడు.

“కాళ్ళ కాడ ఎందుకు బాబూ, ఎవులో తొక్కీగలరు. ఎఠి రఖంతు,” అని బానెట్ మీద చేత్తో తట్టి చోటు చూపించాడు. ఒడియావాడే గానీ మనవాళ్ళతో తిరిగి తిరిగి సగం తెలుగు, సగం ఒడియా కలిపి మాట్లాడేవాడు.

వెచ్చగా, భద్రంగా, కళ్ళెదుటే ఉంటుంది కదా అని పెట్టేశాను. పెట్టి, దాని మీద చెయ్యి కూడా వేసుకుని కునుకు తీశాను. ఇనుముతో రోజంతా పనిచేసే ఫిట్టర్ని, ఇంజను వేడెక్కుతుందని నాకు వేరే ఎవరో చెప్పాలా? కానీ కోరాపుట్ చలిలో బుద్ధి కూడా బిగుసుకుపోతుంది.

లక్ష్మీపూర్‌లో తొమ్మిదిన్నరకి బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. టీ, మినప వడలు దొరుకుతాయి. చెట్టు కింద ఒకావిడ డొప్పల్లో మాండియా పేజు అమ్ముతుంది. మన చోడి అంబలే, అదే రాగి జావ, కొంచెం పులుపు ఎక్కువ. ఒక డొప్ప తీసుకున్నాను. రికార్డు బస్సులో వదిలెయ్యడం ఇష్టం లేక చంకలో పెట్టుకుంటే చొక్కాలోంచి చురుక్కుమంది. తువ్వాలు విప్పి చూద్దును కదా, ఒక పక్క అంచు నూనెలో వేసిన అప్పడంలా పైకి లేచిపోయింది. రెండో పక్క చిన్న అల. డొప్ప చేతిలోంచి జారి పేజంతా చెప్పుల మీద పడింది.

డ్రైవరు వచ్చి చూసి నాలిక కరుచుకున్నాడు. “అయ్యయ్యో! లోపల సీర ఉన్నాదనుకున్నాను బాబూ. అలాటప్పుడు సెప్పొద్దా మరి?”

అతన్ని ఏమనగలను? ఎదురుగా కోరాపుట్ వెళ్ళే బస్సు నిలబడి ఉంది. ఎక్కేసి వెనక్కి పోదామనిపించింది. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. ఏడాదిన్నర అట్టేపెట్టుకుని, వెళ్ళిపోయే ముందురోజు వంకరచేసి తెచ్చి చేతిలో పెడితే ఎవడైనా ఏమనుకుంటాడు? కడుపుమంట కొద్దీ కావాలనే కాల్చి తెచ్చాననుకుంటాడు. అనుకోవడమే కాదు, జీవితమంతా అలాగే గుర్తు పెట్టుకుంటాడు. “బాబూ, గాడి ఛాడిబ!” అని పేజు ఆవిడ కేకేసింది. బస్సు కదిలిపోతోందని తెలిసి కాళ్ళు వాటంతటవే రాయగడ బస్సు వైపు పరిగెత్తాయి. అందులో నా ధైర్యమేమీ లేదు, ఒట్టి అలవాటే.

పన్నెండింటికి రాయగడ. బస్టాండు దగ్గర జేకేపూర్ బస్సు కోసం టీ బడ్డీలో కూర్చున్నాను. పది నిమిషాలకు ఒకసారి రికార్డు తీసి చూడటం, నిట్టూర్చి లోపల పెట్టడం. పక్కన టిఫిను క్యారియరుతో కూర్చున్న పెద్దాయన చూసి చూసి అడిగేశాడు.

“ఏటి బాబూ అది? నీలో నువ్వే మాటాడుకుంటన్నావు?”

చెప్పాను. ముక్కూ మొహం తెలియని మనిషికి మొత్తం చెప్పేశాను, క్యాంటీన్ దగ్గర్నుంచి బానెట్ దాకా. ఆయన పేరు అప్పలనాయుడు, పార్వతీపురం దగ్గర ఊరు. మిల్లులో తయారైన కాగితాన్ని సరిచూసి కట్టలు కట్టే హాల్లో ఇరవై ఏళ్ళ నుంచీ పనిచేస్తున్నాడు. రికార్డు తీసుకుని కంటికి ఎదురుగా అడ్డంగా పట్టుకుని ఒక కన్ను మూసి చూశాడు.

“ఇదేటి ఇరిగిపోలేదు కదా, సుట్టుకుపోనాది, అంతే. మా కాడ కాగితం రోజూ ఇలగే సుట్టుకుపోద్ది. తడీ వేడీ తేడా వస్తే ఏ రకం కాగితమైనా అంతే. పద, సూద్దాం. జేకబ్బు మాకు తెల్సినోడే, మా ఈదికి మూడో ఈది. రెండింటి దాకా డూటీలో ఉంటాడు.”

జేకేపూర్‌లో బస్సు దిగి వాళ్ళ క్వార్టర్లో అడుగు పెట్టగానే గోడ మీది పెళ్ళి ఫొటో దించి, వెనక మేకులు పీకి అద్దం బయటికి తీశాడు. రెండో అద్దానికి మంచి పనివాడని తనకిచ్చిన సర్టిఫికెట్టు పటం విప్పాడు. ఆయన భార్య పైడమ్మగారు వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

“నా పెళ్ళి ఫొటో ఊడదీసీనావేటి? ఎవులీ బాబు?”

“సాయింత్రానికి అతికించెస్తాన్లే. ముందు ఈ బాబుకి అన్నం ఎట్టు, మొకం సూడు ఎలగుందో.”

ఆయన చేసింది చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. రికార్డు కింద పైన మెత్తటి తెల్ల కాగితం పరిచి, రెండు అద్దాల మధ్య పెట్టి, మధ్యాహ్నపు ఎండలో వాకిట్లో ఉంచాడు. ప్రతి అయిదు నిమిషాలకూ అద్దాన్ని అరచేత్తో తాకి చూశాడు. స్నానానికి కాచిన నీళ్ళంత వేడి రాగానే అద్దాలతో సహా ఎత్తి నీడలోకి తెచ్చి, దళసరి అట్టల మధ్య పెట్టి, పైన బియ్యం బస్తా దొర్లించాడు. అప్పటికి ఒంటిగంటన్నర అయింది. ఇక వేచి ఉండాలి. మెత్తళ్ళ చేపల ఇగురుతో అన్నం పెట్టింది పైడమ్మగారు. ఎంత బాగుందంటే, ఆ దిగుల్లోనూ మారు అడిగాను.

తిన్నాక నా చెయ్యి ఊరుకోలేదు. బస్తా కొంచెం జరిపి చూడబోయాను. అప్పలనాయుడు నా మణికట్టు మీద చురుక్కున ఒక్కటేశాడు.

“సల్లారకుండా బరువు తీస్తే మల్లీ ఎనక్కి ఎల్లిపోద్ది. కొత్తగా పన్లోకొచ్చినోల్లందరూ ఇదే తప్పు సేస్తారు. ఆత్రం! కూకో.”

కూర్చున్నాను. మూడు దాటింది, మూడున్నర. నాలుగింటికి బస్తా దించి, పై అద్దమూ కాగితమూ మెల్లగా ఎత్తాడు. రికార్డు కింది కాగితం మీద నిలిచిన నీళ్ళలా చదునుగా పరుచుకుని ఉంది. ఒక్కచోట సన్నటి అల మిగిలింది. అబ్బ, ఆ గుండె తేలికను ఎలా చెప్పను! ఆ పెద్దాయన కాళ్ళకు దండం పెట్టబోతే, “సాల్లే, ఎల్లు ఎల్లు,” అని ఆ మూడో వీధి దాకా వచ్చి జేకబ్ ఇల్లు చూపించి వెనక్కి వెళ్ళిపోయాడు.

జేకబ్ ఇంట్లో పెట్టెలన్నీ తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. భార్యాపిల్లల్ని ముందే పలాస పంపించేశాడు. గుమ్మంలో నన్ను చూసి చేతిలోని తాడు కింద పెట్టాడు.

“వచ్చేవేటి,” అన్నాడు.

“వచ్చేను,” అన్నాను.

రికార్డు ఇచ్చాను. అట్టలోంచి తీసి, సరిగ్గా అప్పలనాయుడు పట్టుకున్నట్టే కంటి ముందు అడ్డంగా పట్టుకున్నాడు. మెకానిక్ కళ్ళు కదా, ఆ ఒక్క అల దగ్గరే ఆగాయి. ఇక దాచలేక బానెట్ సంగతి మొదలుపెట్టి, పెళ్ళి ఫొటో దాకా ఒక్క గుక్కలో చెప్పేశాను. “కావాలని చెయ్యలేదు జేకబ్, ప్రమాణం చేసి చెబుతున్నాను,” అన్నాను.

అతను కోప్పడతాడని నేను నేల చూస్తున్నాను. తీరా చూస్తే నవ్వుతున్నాడు, భుజాలు ఊగిపోయేలా. “ఫిట్టర్ బాబూ, ఇంజను మీద ఎట్టేవురా!” అని కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు కనిపించింది. అన్ని పెట్టెలూ కట్టేసిన ఆ గదిలో ఒక మూల రికార్డు ప్లేయరు మాత్రం కట్టకుండా, వైరు ప్లగ్గులో పెట్టి ఉంది.

రెండో వైపు పెట్టాడు. అల వచ్చిన ప్రతిసారీ ముల్లు మెల్లగా పైకి లేచి కిందికి దిగుతోంది, నా ఊపిరి కూడా దానితోపాటే లేచి దిగుతోంది. పాట సగానికి వచ్చింది. తీగ తెగింది. జనం గోల పెట్టారు. డ్రమ్ములవాడొక్కడే అందుకుని, ఎక్కడా జారకుండా, కొత్త తీగ పలికేదాకా లాక్కొచ్చాడు. నేను జేకబ్ మొహం చూడలేకపోయాను, అతనూ నావైపు చూడలేదు. పాట అయిపోయాక ముల్లు ఎత్తి, రికార్డును అట్టలో పెట్టి, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

“ఇదేమిటి, నీ రికార్డు నీకివ్వడానికేగా వచ్చింది?” అన్నాను.

“ఉద్యోగం సంగతి నీకు సెప్పలేకపోయేనురా సత్తిబాబూ. నువ్వు వద్దంటే ఆగిపోతానని బయమేసింది. ఎల్లేక ఉత్తరం రాద్దామనుకున్నాను, సిగ్గేసింది. కానీ రికార్డు నీ కాడ ఉన్నాది కదా, ఎప్పుడోకప్పుడు రాకేటి సేస్తాడు అనుకున్నాను. ఇప్పుడిది తీసీసుకుంటే నాగపూర్ దాకా నువ్వెందుకొస్తావు?”

ఆ సాయంత్రం ఆరింటి బస్సు నేను ఎక్కలేదు. మర్నాడు పొద్దున్న జేకబ్‌ని రాయగడ స్టేషన్లో రైలెక్కించాకే కోరాపుట్ బస్సు పట్టుకున్నాను. తర్వాత రెండేళ్ళకు నాగపూర్ వెళ్ళి రికార్డు ఇచ్చేసి వచ్చాను. మరో మూడేళ్ళకు అతను సునాబెడ వచ్చి మళ్ళీ నా దగ్గర వదిలిపెట్టాడు. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒకరి మీద ఒకరం అలగలేదని కాదు, బోలెడుసార్లు అలిగాం. కానీ ఎంత అలిగినా ఎవరో ఒకరు ప్రయాణం కట్టక తప్పేది కాదు, అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కుదుటపడుతుంది. ప్రస్తుతం రికార్డు నా బీరువాలో ఉంది. రిటైరై పలాసలో ఉంటున్న జేకబ్‌కి మోకాళ్ళ నొప్పులు, రాలేడు. కాబట్టి ఈ డిసెంబరులో పలాస వెళ్ళాల్సింది నేనే.

ఇక మీకు పనికొచ్చే మాట ఒక్కటే. రికార్డులాంటిది ఏదైనా పట్టుకుని ఈ దారిలో వెళితే, బస్సైనా రైలైనా, రెండు అట్టల మధ్య కట్టి ఒళ్ళో నిలువుగా పట్టుకు కూర్చోండి. రాయగడ చేరేసరికి తొడలు తిమ్మిరెక్కుతాయి, దిగి నాలుగడుగులు వేస్తే అదే పోతుంది.