ముట్టకూడని జాగా

మా కంప్యూటర్ సార్ పోయారని మొన్న శుక్రవారం దేవరకొండ నుంచి ఫోన్ వచ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక ఎవరిని అడగాలి అన్న భయం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నిజం అదే.

బస్టాండ్ వెనక కిరాయి గదిలో ఆరు పాత కంప్యూటర్లు పెట్టుకుని ఆయన మాకు పాఠం చెప్పేవారు. స్విచ్ వేసే ముందు ప్రతిసారీ చేతులు తుడుచుకునేవారు. తెర నల్లగా ఉన్న ఆ కాసేపూ ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. "గిప్పుడు కెర్నెల్ లేస్తాంది, గదే మిషన్‌ను నడిపే అసలు ప్రోగ్రాం. మెమరీ ఎంతున్నదో దానికి తెల్వదు. ఊకె తవ్వి చూడదు. బోర్డు మీద ముందుగాలనే రాసిపెట్టిన ఫర్మ్‌వేర్‌ను అడుగుతది. అది పట్టీ ఇస్తది, గీ జాగా వాడుకో, గా జాగా ముట్టకు అని. ముట్టినవా, ఖతం" అనేవారు. మేము నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు.

మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో చేరిన ఏడాదే నా తెలివి తెల్లారింది. బట్టీ వేడిని చూపించే కంప్యూటర్‌లో కొత్త మెమరీ వేశాను. దాని మీద రాసి ఉన్నదానికంటే కెర్నెల్ తక్కువ చూపించింది. ఎందుకు వదులుకోవాలనుకుని, మొత్తం వాడుకోమని లేచేటప్పుడు కెర్నెల్‌కు ఇచ్చే ఆదేశాల్లో నా చేత్తో రాశాను. ఆ తగ్గిన భాగాన్ని తెర మీది బొమ్మ కోసం బోర్డు ముందే తీసి పెట్టుకుందని నాకు తట్టలేదు. అరగంట బాగానే నడిచింది. తర్వాత తెర నిండా చారలు వచ్చాయి, వేడి అంకె కదలకుండా నిలిచిపోయింది. బట్టీ మాత్రం మండుతూనే ఉంది. దాని పక్కన మనుషులు పనిచేస్తున్నారు. సార్‌కు ఫోన్ చేశాను.

"మిషన్ ఇడిశిపెట్టు. ముందుగాల మనుషుల్ని ఎనుకకు పిలువు" అన్నారు. పిలిచాను. "నువ్వు రాసింది తీసెయ్యి. ఎంతున్నదో కెర్నెల్‌నే బోర్డును అడుగనియ్యి." తీసేసి మళ్లీ స్విచ్ వేశాను. తెర నల్లగానే ఉంది.

"సార్, భయమైతాంది" అన్నాను.

"నాగ్గూడ అయితాంది బేటా. భయపడు గాని ఫోన్ పెట్టకు."

అంకె కదిలే దాకా ఆయన ఊపిరి నాకు వినబడుతూనే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో, ఆయనకు ఫోన్ కలపకుండా ఆ కంప్యూటర్ స్విచ్ మీద నేను చెయ్యి వేయలేదు.

నిన్న కరెంటు పోయి అది ఆగింది. కరెంటు వచ్చాక మనుషుల్ని వెనక్కి పిలిచి స్విచ్ దగ్గరికి వెళ్లాను. అలవాటుకొద్దీ సార్ నంబరే నొక్కాను. చేసిన తప్పు తెలిసేలోపే ఆయన భార్య ఎత్తారు. కంప్యూటర్ ఆగిందనీ, స్విచ్ వేయడానికి భయంగా ఉందనీ ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నాకు గవేం తెల్వయ్ బేటా" అన్నారామె. "లైన్ల ఉంట. ఏమొస్తాందో సదువు."

స్విచ్ వేశాను. తెర మీద మెమరీ పట్టీ వచ్చింది. ఏది వాడుకోవచ్చో, ఏది ముట్టకూడదో ఒక్కో వరుసా చదివాను. ప్రతి వరుసకూ ఆమె ఊఁ అన్నారు.